నొక్కేకొద్దీ వదులయ్యే తూటా: పిస్టల్ రీలోడింగ్‌లో క్రింప్, సీటింగ్

నెట్‌వర్క్ కేబుల్ చివర కనెక్టర్ పెట్టి క్రింపింగ్ టూల్‌తో గట్టిగా నొక్కడం చాలామందికి అలవాటైన పనే. కరెంటు పనివాళ్ళు వైరుకు లగ్గు వేసేటప్పుడూ అంతే. సరిగ్గా నొక్కకపోతే వైరు ఊడి చేతికొస్తుంది, గట్టిగా నొక్కితే ఏళ్ళ తరబడి కదలదు. అందుకే క్రింప్ అనగానే ఎంత నొక్కితే అంత పట్టు అనిపిస్తుంది. సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌కి తూటాలు సొంతంగా లోడ్ చేసుకునేవాళ్ళను ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఈ నమ్మకమే. అక్కడ ఒక హద్దు దాటాక, నొక్కేకొద్దీ బుల్లెట్ వదులవుతుంది.

ముందు మాటల సంగతి. వాడుకలో మొత్తం తూటానే బుల్లెట్ అనేస్తారు. నిజానికి తూటాలో ఉండేవి నాలుగు: ఇత్తడి కేస్, దాని అడుగున దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మండే మందు, పైన నోట్లో కూర్చున్న బుల్లెట్. పేలాక ముందుకు వెళ్ళేది బుల్లెట్ ఒక్కటే. కేస్ బయటికి ఎగిరి పడుతుంది. ఆ కేస్‌ని ఏరుకొచ్చి, శుభ్రం చేసి, మళ్ళీ కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్, మందు, బుల్లెట్ వేసుకోవడమే రీలోడింగ్. బుల్లెట్‌ని కేస్ నోట్లోకి కావలసినంత లోతుకి దించడం సీటింగ్. ఆ తర్వాత నోటి అంచుని చుట్టూ సమానంగా లోపలికి నొక్కడం క్రింపింగ్.

ఇది ప్రధానంగా అమెరికన్ల వ్యాపకం. అక్కడ సొంత వాడకానికి తూటాలు లోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మకానికి చేస్తేనే కావాలి. నెలకి వేల రౌండ్లు కాల్చే పోటీ షూటర్లకి ఇందులో డబ్బు ఆదా ఒక్కటే కాదు, తూటాని తమ పిస్టల్‌కి తగ్గట్టు మలుచుకునే వీలూ ఉంటుంది. అమెరికాలోని ప్రాక్టికల్ షూటింగ్ సంఘం యూఎస్‌పీఎస్‌ఏ పోటీల్లో 'పవర్ ఫ్యాక్టర్' అనే లెక్క ఒకటుంది. బుల్లెట్ బరువుని గ్రెయిన్లలో (తూటాలకి వాడే చిన్న బరువు కొలత), వేగాన్ని సెకనుకి అడుగుల్లో తీసుకుని, రెండింటినీ గుణించి వెయ్యితో భాగిస్తారు. తక్కువ శక్తి తూటాల మైనర్ విభాగానికి 125 దాటితే చాలు. 124 గ్రెయిన్ల బుల్లెట్ 1,010 అడుగుల వేగంతో వెళ్తే 125.24 వస్తుంది. షాపులో దొరికే తూటా అంతకంటే బలంగా తన్నుతుంది, అందుకే షూటర్లు సొంతంగా చేసుకుంటారు. మన దేశంలో పరిస్థితి వేరు. ఆయుధాల చట్టం, 1959లోని 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాల తయారీ నేరం. కాబట్టి టెక్సాస్‌లోనో జార్జియాలోనో షూటింగ్ రేంజ్‌కి వెళ్ళడం మొదలుపెట్టిన తెలుగువాళ్ళకి ఈ విద్య ఇంటి నుంచి రాదు. తూటాలు లోడ్ చేసే ప్రెస్సు కొనుక్కుని, మాన్యువల్ ముందు పెట్టుకుని, మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే.

క్రింప్ మీద గందరగోళానికి మూలం రివాల్వర్‌లో ఉంది. రివాల్వర్ తూటాల్లో .38 స్పెషల్ 19వ శతాబ్దం చివర వచ్చింది. .357 మాగ్నమ్ 1935లో, .44 మాగ్నమ్ 1955లో వచ్చాయి. రీలోడింగ్ పద్ధతులు పెరిగి పెద్దయింది చాలావరకు వీటి చుట్టూనే. రివాల్వర్ తూటాకి అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు, అంటే రిమ్ము, ఉంటుంది. తూటాల గదులతో గుండ్రంగా తిరిగే సిలిండర్‌లో తూటాని ఆపేది ఆ రిమ్మే. పేలినప్పుడు తుపాకీ వెనక్కి ఉలిక్కిపడుతుంది. మిగతా గదుల్లో ఉన్న తూటాల కేసులు రిమ్ము పట్టుకుని ఉండటంతో తుపాకీతో పాటే వెనక్కి వస్తాయి. వాటి బుల్లెట్లు మాత్రం జడత్వం వల్ల ఉన్నచోటే ఉండాలని చూస్తాయి. అంటే, ఒక్కో షాట్‌కి బుల్లెట్ కేస్‌లోంచి కొంచెం కొంచెం బయటికి వస్తుంది. అది సిలిండర్ ముందు అంచు దాటి పొడుచుకొచ్చిందంటే సిలిండర్ తిరగడమే ఆగిపోతుంది. దీనికి విరుగుడు రోల్ క్రింప్. బుల్లెట్ నడుం చుట్టూ ఒక గాడి ఉంటుంది. కేస్ అంచుని మడిచి ఆ గాడిలోకి దించుతారు. ఉంగరంలో రాయి పొదిగాక కంసాలి బంగారు అంచుని రాయి మీదికి ఒత్తినట్టే. అక్కడ గట్టిగా నొక్కడం అవసరం, న్యాయం కూడా.

పిస్టల్ తూటాకి పట్టుకునే రిమ్ము లేదు. గేయార్గ్ లూగర్ 1902 నాటికి రూపొందించిన 9 ఎంఎం, జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేయగా 1911లో అమెరికా సైన్యం తీసుకున్న పిస్టల్‌లోని .45 ఏసీపీ, రెండింటికీ అడుగున ఉన్న అంచు కేస్ ఒంటితో సమానంగా ఉంటుంది. తూటాలు పేర్చే పెట్టె అయిన మ్యాగజైన్‌లో అవి ఒకదాని మీద ఒకటి చిక్కుకోకుండా జారాలి కాబట్టి అలా చేశారు. మరి బ్యారెల్ వెనక చివర తూటా కూర్చునే గది, అంటే ఛాంబర్‌లోకి దూసుకెళ్ళిన తూటా ఎక్కడ ఆగాలి? కేస్ నోటి అంచే ఛాంబర్ చివర ఉన్న సన్నటి మెట్టుకి ఆని ఆగుతుంది. తూటా అడుగుకి వెనక ఉన్న గోడ నుంచి ఈ ఆగే స్థానం దాకా ఉండే దూరమే హెడ్‌స్పేస్. దాదాపు పావు మిల్లీమీటరు మందం ఉన్న ఇత్తడి అంచు మీద అంత భారం పెట్టారన్నమాట.

రివాల్వర్ అలవాటుతో ఆ అంచుని మడిచేస్తే మెట్టుకి ఆనడానికి ఏమీ మిగలదు. తూటా కావలసినదానికంటే లోపలికి జారుతుంది. కేస్‌ని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం పట్టుకుంటే పేలుతుంది, లేదంటే ప్రైమర్‌ని కొట్టే ఫైరింగ్ పిన్ సరిగ్గా అందక ప్రైమర్ మీద చిన్న సొట్ట పడి ఊరుకుంటుంది. ఎక్స్‌ట్రాక్టరే చాలాసార్లు కాపాడుతుంది కదా అని వాదించే అనుభవజ్ఞులున్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. వాడిన 9 ఎంఎం కేసులు చాలావరకు గరిష్ఠ పొడవు 0.754 అంగుళాల కంటే పొట్టిగానే ఉంటాయి, అయినా పిస్టళ్ళు పేలుతూనే ఉన్నాయి. కానీ చిన్న కొక్కెం మీద ఆధారపడటం వేరు, అంచుని కావాలని పాడుచేసుకోవడం వేరు.

ఈ సూత్రానికి చరిత్రే ఒక రుజువు చూపించింది. 1929లో వచ్చిన .38 సూపర్‌కి పాత .38 ఏసీపీ నుంచి వచ్చిన అర రిమ్ము ఉండేది. పిస్టళ్ళు దాన్ని ఆ రిమ్ము మీదే ఆపేవి. శక్తి బాగున్నా గురి కుదరని తూటాగా దానికి చాలాకాలం పేరు. తర్వాతి కాలపు బ్యారెళ్ళ తయారీదారులు దాన్ని కేస్ నోటి మీద ఆగేలా ఛాంబర్ కోయడం మొదలుపెట్టాక అదే తూటా పోటీల్లో గెలిపించే తూటా అయింది.

అసలు విషయం ఇక్కడుంది. రివాల్వర్‌లో బుల్లెట్ బయటికి రావాలని చూస్తుంది, పిస్టల్‌లో లోపలికి పోవాలని చూస్తుంది. పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ కదిలే స్లైడ్ ముందుకు దూకినప్పుడు తూటా ముక్కు ఛాంబర్ ముందున్న వాలుకి, అంటే ఫీడ్ ర్యాంప్‌కి, ఢీకొట్టుకుని పైకి ఎక్కుతుంది. ఆ దెబ్బ బుల్లెట్‌ని కేస్‌లోకి నెడుతుంది. మ్యాగజైన్‌లో వరస కోసం ఎదురుచూస్తున్న తూటాలకీ సుఖం లేదు. ప్రతి షాట్‌కీ మ్యాగజైన్ ముందు గోడ వెనక్కి వచ్చి వాటి ముక్కుల్ని గుద్దుతుంది. ఇలా బుల్లెట్ లోపలికి జరగడాన్ని సెట్‌బ్యాక్ అంటారు. బయటికి రాకుండా ఆపే మడత, లోపలికి పోకుండా ఆపడానికి పెద్దగా పనికిరాదు. పిస్టల్ బుల్లెట్లలో ఎక్కువవాటికి మడత దించడానికి గాడే ఉండదు.

సెట్‌బ్యాక్ అంటే ఏదో తూటా కాస్త పొట్టిదయిందనుకుంటే పొరపాటు. 9 ఎంఎం కేస్‌లో బుల్లెట్ కూర్చున్నాక మందుకి మిగిలే జాగా చాలా తక్కువ. అది ఇంకాస్త తగ్గితే మందు మండే మొదటి క్షణంలోనే ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. ఒత్తిడి పెరిగితే మందు మరింత వేగంగా మండుతుంది, వేగంగా మండితే ఒత్తిడి మళ్ళీ పెరుగుతుంది. స్పీర్ కంపెనీ రీలోడింగ్ మాన్యువల్‌లో ఇచ్చిన పరీక్ష ఫలితం ఈ రంగంలో తరచూ చెప్పుకునేదే: 28,000 సీయూపీ (రాగి ముక్క ఎంత నలిగిందో చూసి కొలిచే ఒత్తిడి ప్రమాణం) ఒత్తిడి ఇచ్చే 9 ఎంఎం లోడ్‌లో బుల్లెట్‌ని కావాలని 0.030 అంగుళాలు ఎక్కువ లోతుకి దించితే ఒత్తిడి 62,000 సీయూపీకి చేరింది. 0.030 అంగుళాలంటే ముప్పావు మిల్లీమీటరు. మందు ఒక్క పలుకు కూడా పెంచలేదు, ఒత్తిడి మాత్రం రెట్టింపు దాటింది.

అన్ని తూటాలకీ ఈ గండం ఒకేలా ఉండదు. .45 ఏసీపీ గరిష్ఠ ఒత్తిడి 21,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) మాత్రమే, కేస్‌లో జాగా కూడా ఎక్కువ. కాబట్టి చిన్న తప్పుల్ని అది క్షమిస్తుంది. 9 ఎంఎం 35,000 పీఎస్‌ఐ దగ్గర పనిచేస్తుంది. 1990లో వచ్చిన .40 ఎస్ అండ్ డబ్ల్యూ కూడా అంతే ఒత్తిడితో, దానికి తోడు 180 గ్రెయిన్ల బరువైన బుల్లెట్ పొట్టి కేస్‌లో చాలా జాగా ఆక్రమించేలా ఉంటుంది. ఫీడ్ ర్యాంప్ దగ్గర కేస్ అడుగుకి వెనక ఆధారం తక్కువగా ఉన్న బ్యారెల్ అయితే, పెరిగిన ఒత్తిడికి ఇత్తడి అక్కడే చీలుతుంది. రీలోడర్లు 'కాబూమ్' అని నవ్వుతూ పిలుచుకుంటారు గానీ, మ్యాగజైన్ కిందికి పేలిపోయి, పిడి పలకలు పగిలి, అరచేయి చిట్లినవాళ్ళకి అందులో నవ్వేమీ కనిపించదు.

మరి బుల్లెట్‌ని నిలబెట్టేది ఏది? కేస్ గోడల పట్టు. రీలోడర్లు దీన్నే నెక్ టెన్షన్ అంటారు, పిస్టల్ కేస్‌కి మెడంటూ లేకపోయినా. ఎద్దుబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం గుర్తు తెచ్చుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. పట్టా చక్రం కంటే కాస్త చిన్నదిగా చేస్తారు. వేడికి సాగినప్పుడు ఎక్కిస్తారు, చల్లారాక అది చుట్టూ బిగుసుకుంటుంది. ఒక మేకు వల్ల కాదు, చుట్టుకొలత అంతటా ఉన్న ఒరిపిడి వల్ల నిలుస్తుంది. తూటాలోనూ అంతే. సైజింగ్ డై అనే అచ్చు, ఒకసారి కాల్చిన కేస్‌ని నొక్కి, దాని లోపలి వ్యాసం బుల్లెట్ కంటే అంగుళంలో రెండు మూడు వేల వంతులు తక్కువయ్యేలా చేస్తుంది. 0.355 అంగుళాల బుల్లెట్ ఆ ఇరుకులోకి దిగినప్పుడు ఇత్తడి సాగి, వెనక్కి రావాలన్న ఆత్రంలో దాన్ని పట్టుకుంటుంది. బుల్లెట్ కేస్‌లో ఎంత లోతు ఉందో అంత మేరా ఈ పట్టు ఉంటుంది. దీంతో పోలిస్తే నోటి దగ్గర వెంట్రుకవాసి వెడల్పు క్రింప్ ఎంత?

పట్టు సరిపోకపోతే కారణాలు ఇక్కడే వెతకాలి. సైజింగ్ డై కావలసినంత నొక్కడం లేదా? లేదా ఆ తర్వాత నోరు తెరిచే ఎక్స్‌పాండర్ మరీ లావుగా ఉండి, నొక్కిన దాన్నంతా మళ్ళీ సాగదీస్తోందా? కేస్ గోడ మరీ పలచనా? రేంజ్‌లో ఏరుకున్న రకరకాల కంపెనీల కేసుల్లో గోడ మందం ఒకేలా ఉండదు. పలచటి గోడ కేస్‌లో అదే బుల్లెట్ వేలితో నొక్కితే దిగిపోయిన సందర్భాలున్నాయి. ఇవేవీ చూసుకోకుండా క్రింప్ డైని ఇంకో చుట్టు తిప్పడం పైకప్పు కారుతుంటే గోడకి సున్నం వేయడం లాంటిది. నిజానికి అంతకంటే అన్యాయం, ఎందుకంటే ఈ సున్నం గోడనీ పాడుచేస్తుంది.

ఎలాగంటారా? ఇత్తడిని నొక్కి వదిలితే కొంత వెనక్కి వస్తుంది. సీసం రాదు, నొక్కినచోటే ఉండిపోతుంది. పిస్టల్ బుల్లెట్లో పైన రాగి పొర ఉన్నా లోపల సీసమే. క్రింప్ డై మరీ గట్టిగా నొక్కినప్పుడు ఇత్తడితో పాటు బుల్లెట్ కూడా కుంచించుకుంటుంది. డై బయటికి వచ్చాక ఇత్తడి కొంచెం తెరుచుకుంటుంది, బుల్లెట్ మాత్రం సన్నబడే ఉంటుంది. రెండింటి మధ్యా అంతకుముందు లేని సందు ఏర్పడుతుంది. పట్టు కోసం నొక్కితే పట్టే పోతుంది. కేబుల్ లగ్గులో ఈ గొడవ రాదు. అక్కడ వైరూ లగ్గూ కలిసిపోయి ఒక ముద్దయ్యేలా రూపం మార్చేస్తాం, వెనక్కి రావడానికి ఏమీ మిగలదు. పైగా ఆ వైరు మళ్ళీ ఎప్పుడూ జారి బయటికి రావాల్సిన అవసరం లేదు. తూటాలో బుల్లెట్ మాత్రం సరైన క్షణంలో, సరైన రీతిలో వదిలిపోవాలి.

అయితే పిస్టల్ తూటాకి క్రింప్ దేనికి? ముందు పెద్దది చేసిన నోటిని మళ్ళీ మామూలు చేయడానికి. బుల్లెట్ అడుగు అంచు ఇత్తడికి తగిలి చెక్కుకుపోకుండా, సీటింగ్‌కి ముందు కేస్ నోటిని గంట ఆకారంలో కాస్త తెరుస్తారు. బుల్లెట్ దిగాక ఆ గంట అలాగే ఉంటే తూటా ఛాంబర్‌లోకి పూర్తిగా వెళ్ళదు. స్లైడ్ చివరి వరకు మూసుకోదు. ఆ విచ్చుకున్న అంచుని నిటారుగా, లేదా అంతకంటే లేశమాత్రం లోపలికి తేవడమే టేపర్ క్రింప్. అంతకు మించి దానికి పనిలేదు. ఇంత చిన్న పనికి క్రింప్ అనే గంభీరమైన పేరు పెట్టడమే సగం తప్పులకి కారణం.

ఎంత అన్నదానికి కూడికల లెక్క చాలు. బుల్లెట్ వ్యాసం 0.355 అంగుళాలు, గోడ మందం ఒక్కోవైపు దాదాపు 0.0115. రెండు గోడలు కలిపితే 0.023. మొత్తం 0.378. నోటి దగ్గర కాలిపర్ పెట్టి కొలిస్తే 9 ఎంఎం తూటా ఈ అంకె చుట్టుపక్కల ఉండాలి. ప్రమాణాల్లో గరిష్ఠం 0.380. .45 ఏసీపీకి గరిష్ఠం 0.473, చాలామంది 0.470 నుంచి 0.471 మధ్య ఉంచుతారు. కేస్ కంపెనీ మారితే గోడ మందం మారుతుంది, దాంతో పాటు ఈ అంకె కూడా. కాబట్టి 0.378 అనే అంకెని మంత్రంలా జపించేవాళ్ళకంటే గోడ మందం కొలిచి లెక్క కట్టుకునేవాళ్ళే తక్కువ తప్పులు చేస్తారు. డై సరిగ్గా ఉందో లేదో చూడటానికి మరో మొరటు పద్ధతి ఉంది. ఒక తూటాని తయారుచేసి, సుత్తిలాంటి బుల్లెట్ పుల్లర్‌తో కొట్టి బుల్లెట్‌ని బయటికి తీసి చూడాలి. దాని నడుం మీద సన్నటి గీతలాంటి మచ్చ ఉంటే సరే. వేలిగోరు తగిలి ఆగే గాడి పడిందంటే క్రింప్ ఎక్కువైనట్టు.

పలచటి రాగి పూత ఉన్న ప్లేటెడ్ బుల్లెట్ల విషయంలో ఆ గాడి ఇంకా చేటు. మడత పూతని కోసేస్తే బ్యారెల్‌లో తిరిగేటప్పుడు పూత ఊడి, బుల్లెట్ గాలిలో పల్టీలు కొడుతూ పోతుంది. కాగితం టార్గెట్ మీద గుండ్రటి చిల్లు బదులు పక్కకి పడుకున్న బుల్లెట్ ఆకారంలో చిరుగు కనిపిస్తే అనుమానించాల్సిన మొదటి ముద్దాయి క్రింపే. రంగుపూత వేసిన సీసం బుల్లెట్లకీ ఇదే జబ్బు. పూత పగిలితే సీసం బ్యారెల్‌కి అంటుకుంటుంది.

సీటింగ్‌లో అంకెల మోసం వేరే రకంగా ఉంటుంది. అందరూ చూసేది తూటా మొత్తం పొడవు. 9 ఎంఎంకి గరిష్ఠం 1.169 అంగుళాలు. ఆ కొలత మ్యాగజైన్‌లో పడుతుందా అన్నది చెబుతుంది, అంతే. ఒత్తిడిని నిర్ణయించేది బుల్లెట్ అడుగు కేస్‌లో ఎంత లోతులో ఉందన్నది. కేస్ పొడవుకి బుల్లెట్ పొడవు కలిపి, తూటా మొత్తం పొడవు తీసేస్తే లోతు తెలుస్తుంది. కేస్ 0.750, బుల్లెట్ 0.600, తూటా 1.150 అయితే లోతు 0.200 అంగుళాలు. ఇప్పుడు అదే బరువున్న, వేరే ఆకారంలో ఉన్న, 0.560 అంగుళాల పొడవైన మరో బుల్లెట్ తీసుకుని మొత్తం పొడవు అదే 1.150 ఉంచితే లోతు 0.160కే వస్తుంది. ఒకే పొడవు, ఒకే బరువు, రెండు వేర్వేరు ఒత్తిళ్ళు. ఒక బుల్లెట్‌కి మాన్యువల్‌లో ఇచ్చిన పొడవుని ఇంకో బుల్లెట్‌కి అంటగట్టకూడదనేది ఇందుకే. మాన్యువల్ ఇచ్చే పొడవు కూడా వాళ్ళు పరీక్షించిన బ్యారెల్‌కి కుదిరినదే తప్ప శాసనం కాదు. అంతకంటే లోతుకి దించాల్సి వస్తే మాత్రం మందు మోతాదుని కింది నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి.

పొడవుగా ఉంచితే మరో తంటా. బుల్లెట్ భుజం బ్యారెల్ లోపల మెలి తిరిగిన రైఫ్లింగ్ గట్లకి ఆనుకుంటే తూటా పూర్తిగా కూర్చోదు. చెక్ రిపబ్లిక్ తయారీ సీజెడ్ 75 పిస్టళ్ళ బ్యారెల్‌లో ఛాంబర్ తర్వాతి ఖాళీ చాలా తక్కువ అని పేరు. వేరే పిస్టల్‌లో హాయిగా పనిచేసిన తూటా అందులో ఇరుక్కుపోతుంది. దీనికి రీలోడర్లు చేసేది 'ప్లంక్ టెస్ట్'. బ్యారెల్‌ని విప్పి చేతిలో పట్టుకుని, ఛాంబర్‌లోకి తూటాని వదులుతారు. టక్కున లోహపు చప్పుడుతో కూర్చోవాలి, వేలితో గిర్రున తిరగాలి, తిప్పి పట్టుకుంటే దానంతటదే రాలిపడాలి. తిరగకుండా పట్టేసిందంటే బుల్లెట్ రైఫ్లింగ్‌కి తగులుతోంది. చప్పుడు రాకుండా ఆగిందంటే గంట ఆకారం పూర్తిగా పోలేదు. తూటా మీద స్కెచ్ పెన్ను రాసి మళ్ళీ వేస్తే రంగు ఎక్కడ గీరుకుందో చూసి ఏది తగులుతోందో చెప్పొచ్చు. ఖరీదైన గేజీలు ఎన్ని ఉన్నా ఆ తూటా కాల్చబోయే బ్యారెల్ కంటే మంచి గేజీ లేదు.

సీటింగ్, క్రింప్ రెండూ ఒకే డైతో ఒకే దెబ్బకి చేయొచ్చు. చాలా డై సెట్లు అలాగే వస్తాయి. చిక్కేమిటంటే బుల్లెట్ ఇంకా కిందికి దిగుతుండగానే నోరు మూసుకోవడం మొదలవుతుంది. అంచు బుల్లెట్ ఒంటిని గీరుతుంది, సీసం రేకులా లేస్తుంది, కేసుల పొడవులో చిన్న తేడా ఉన్నా ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ నొక్కుకుంటాయి. నాలుగైదు స్టేషన్లున్న (ఒక్కో డైకి ఒక్కో చోటున్న) ప్రెస్సు ఉంటే ఈ రెండు పనుల్నీ విడదీయడమే మేలు. ముందు బుల్లెట్‌ని పూర్తిగా దించి, తర్వాత స్టేషన్‌లో గంటని సరిచేస్తే దేని కొలత దానికి కుదురుతుంది.

లీ కంపెనీ అమ్మే ఫ్యాక్టరీ క్రింప్ డై మీద మాత్రం వాదన తెగలేదు. టేపర్ క్రింప్‌తో పాటు దాని నోట్లో కార్బైడ్ రింగు ఒకటుంటుంది. లావెక్కిన తూటాని చివర్లో మళ్ళీ కొలతకు నొక్కుతుంది. దాంతో ప్రతి తూటా ఛాంబర్‌లో పడుతుంది, నిజమే. కానీ బ్యారెల్‌కి సరిపోయేలా కావాలని కాస్త లావుగా పోసుకున్న సీసం బుల్లెట్‌ని కూడా ఆ రింగు ఇత్తడి పైనుంచే సన్నం చేసేస్తుంది. ఆ తర్వాత జరిగేది పైన చూసిందే: ఇత్తడి వెనక్కి వస్తుంది, సీసం రాదు. రాగి కోటు ఉన్న మామూలు 0.355 బుల్లెట్లకి అది ఇబ్బంది లేని బీమా. సీసం పోసుకునేవాళ్ళకి మాత్రం అది ఒక జబ్బుని ఇంకో జబ్బుతో కప్పే పరికరం.

పట్టు ఉందో లేదో తేల్చే పరీక్ష ఇంటి బల్ల మీద మొదలవుతుంది. తూటా ముక్కుని చెక్క బల్ల అంచుకి ఆనించి బొటనవేలితో గట్టిగా నెట్టి, ముందూ వెనకా కాలిపర్‌తో కొలవాలి. అంకె మారకూడదు. అసలు పరీక్ష పిస్టల్‌లో, అది కూడా కాల్చే స్థలంలో చేయాలి. మ్యాగజైన్ నుంచి స్లైడ్ వదిలి తూటాని ఛాంబర్ చేసి, కాల్చకుండా బయటికి తీసి కొలవాలి. ఒక్కసారికి అంగుళంలో ఒకటి రెండు వేల వంతులు తగ్గితే పెద్ద విషయం కాదు. ఐదు, పది తగ్గితే ఆ బ్యాచ్ మొత్తం మీద అనుమానపడాల్సిందే. ఇది ఫ్యాక్టరీ తూటాలకీ వర్తిస్తుంది. రక్షణ కోసం పిస్టల్ పెట్టుకునే అమెరికన్లు చాలామంది రాత్రి ఛాంబర్ ఖాళీ చేసి, పొద్దున్నే అదే తూటాని మళ్ళీ మ్యాగజైన్ పైన పెట్టి ఛాంబర్ చేస్తారు. నెల తిరిగేసరికి ఆ ఒక్క తూటా ముప్పై సార్లు ర్యాంప్‌ని గుద్దుకుని ఉంటుంది. పెట్టెలోని కొత్త తూటా పక్కన నిలబెడితే అది పొట్టిదయిన సంగతి కొన్నిసార్లు కాలిపర్ లేకుండానే, కంటికే కనిపిస్తుంది.